ఇంచీ టేపు పట్టుకుని చూసిన చలికాలం పాస్

ముందే చెప్పేస్తున్నా, నేనిచ్చేది ఐదుకి మూడు నక్షత్రాలు. ఆటకైతే, అంటే స్కీ జంపింగ్‌కైతే, ఐదూ ఇచ్చేస్తా, ఆరోది ఉంటే అదీ ఇస్తా. తగ్గిన రెండూ ఆ ఆటను టీవీలో చూసే పాస్ అమ్మిన యాప్ ఖాతాలోవి. యాప్ పేరు రాయడం లేదు. వాళ్ల కస్టమర్ కేర్‌తో నా పంచాయితీ ఇంకా తెగలేదు, తెగేదాకా పేరెత్తొద్దని మా అబ్బాయి గట్టిగా చెప్పాడు.

నాది కడప. వై.వి. స్ట్రీట్ వెనక సందులో జెంట్స్ టైలరింగ్ షాపు. 28 ఏళ్లుగా ఇదే పని. నాలుగు మెషిన్లు, ఒక ఓవర్‌లాక్, కాజాలకీ గుండీలకీ ఇద్దరు కుర్రాళ్లు, కటింగ్‌కి ఒక మాస్టర్. మాస్టర్‌ని నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు, నిజానికి వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్దాయన. గోడకి 32 అంగుళాల టీవీ ఉంది. అది లేకపోతే కుర్రాళ్లు ఫోన్లు చూస్తూ వేళ్లకి సూదులు పొడుచుకుంటారు.

పాస్ కొన్నది నేను కాదు. మావాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు, వాడికి సైకిల్ రేసుల పిచ్చి. 2024 దీపావళికి ఇంటికొచ్చినప్పుడు షాపు టీవీలో ఈ యాప్ ఎక్కించి, చలికాలం ఆటల పాస్ అని 799 రూపాయలు కట్టాడు. మా రేటులో రెండు చొక్కాల కుట్టు కూలి అది. కట్టాక తెలిసింది ఆ పాస్‌లో సైకిళ్లు రావని. పెద్ద అక్షరాల్లో 'అన్ని ఆటలూ' అని ఉంటుంది, దాని పక్కన చిన్న చుక్క ఉంటుంది, ఆ చుక్క సంగతి అడుగున ఎక్కడో ఉంటుంది. వాడు తిట్టుకుంటూ బస్సెక్కాడు. పాస్ నాకు మిగిలింది.

నవంబర్ 23, శనివారం రాత్రి. ఒక పెళ్లివాళ్ల ఆర్డరు, 14 చొక్కాలు, అన్నీ ఒకే తానులోంచి. సీరియళ్లు అయిపోయాయి. రిమోట్ తిప్పుతుంటే మంచు కొండ కనిపించింది. నార్వేలో లిల్లెహామర్ అనే ఊరు. స్కీ జంపింగ్ ప్రపంచ కప్ సీజన్‌లో మగవాళ్ల మొదటి వ్యక్తిగత పోటీ. భాయ్ కత్తెర పక్కన పెట్టి కాసేపు చూసి అన్నాడు: "ఏందన్నా ఇది, కాళ్లకి పలకలు కట్టుకోని కొండమీంచి దూకుతాండారు! ఇంట్లో వాళ్లకి చెప్పొచ్చినారా?"

ఆ రోజు గెలిచింది పియస్ పాష్కె అనే జర్మన్. వయసు 34. ఈ ఆటలో అది పెద్ద వయసే. అంతకు ముందు అంత పేరున్నవాడేం కాదు, ఆ డిసెంబర్‌లో మాత్రం పట్టిందల్లా బంగారమైంది, పాయింట్లలో ముందున్నవాడు తొడిగే పసుపు బిబ్, అంటే నంబరు గుడ్డ, అతని ఒంటి మీదే తిరిగింది. ఆ వయసులో మనిషికి పని కుదరడం చూస్తే నాకు ముచ్చటేసింది. దానికోసమే మరుసటి వారం మళ్లీ పెట్టాను.

చూడనివాళ్ల కోసం ఆట సంగతి కొంచెం చెప్తా, యాప్ ఎలాగూ చెప్పదు. కొండ కొమ్మున అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. మనిషి దాని మీద కూర్చుంటాడు. కింద నిలబడ్డ కోచ్ జెండా కిందికి దించగానే జారుడు దారిలోకి దిగుతాడు. గంటకి 90 కిలోమీటర్ల వేగం అందుకుని, అంచు రాగానే కాళ్లు చాచి లేచి, గాలి మీద బోర్లా పడుకుంటాడు. స్కీలు రెండూ ముందువైపు విప్పారి ఇంగ్లిషు వీ అక్షరంలా ఉంటాయి. ఒకప్పుడు రెండూ పక్కపక్కనే పెట్టి దూకేవాళ్లట. 1980ల చివర్లో స్వీడన్ వాడు యాన్ బోక్లోవ్ వాటిని విప్పి ఎగిరితే జడ్జీలు మార్కులు కోసేశారు. తర్వాత అందరికీ అదే దారయింది. దిగేటప్పుడు ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పెట్టి, మోకాళ్లు వంచి, చేతులు చాచాలి. దాన్ని టెలిమార్క్ అంటారు. ఐదుగురు జడ్జీలు తలా 20 మార్కుల లోపు వేస్తారు, ఎక్కువ వేసినవాడిదీ తక్కువ వేసినవాడిదీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు. దూరానికి వేరే. పెద్ద కొండ మీద మీటరుకి 1.8 పాయింట్లు. గాలికి కూడా లెక్కుంది. ఎదురు గాలి వీస్తే దూకేవాడికి లాభం, గాలిపటం లేచేది ఎదురు గాలికే కదా, అందుకని కొన్ని పాయింట్లు కోస్తారు. వెనక గాలైతే కలుపుతారు. ఇవన్నీ నేను మావాడికి ఫోన్ చేసి, వాడు వెతికి చెబితే తెలుసుకున్నవి. 799 తీసుకున్నవాడు తెలుగులో కాకపోయినా ఇంగ్లిషులోనైనా ఒక పేజీ రాసి పెట్టొచ్చు.

బొమ్మ మాత్రం బ్రహ్మాండం. ఇది నిజాయితీగా ఒప్పుకోవాలి. స్లో మోషన్‌లో మనిషి తలమీంచి దాటేటప్పుడు గుడ్డ ఎక్కడ రెపరెపలాడుతోంది, ఎక్కడ బిర్రుగా ఉంది, అన్నీ కనిపిస్తాయి. నేను మొదట మనుషుల్ని చూశాను. మూడో వారానికి గుడ్డల్ని చూడటం మొదలుపెట్టాను.

డిసెంబర్‌లో ఒక పోటీ. ఒక కుర్రాడు చాలా దూరం వెళ్లాడు, ముందు వరుసలో పేరొచ్చింది. రెండు నిమిషాల తర్వాత ఆ పేరు లేదు. పట్టిక అట్టడుగున పేరు, పక్కన మూడు ఇంగ్లిషు అక్షరాలు, డీఎస్‌క్యూ. వ్యాఖ్యాత 'సూట్' అని ఒక్క మాటని తర్వాతి వాడి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను కాజా సగంలో ఆపేశాను. డ్రెస్సు బాగాలేదని మనిషిని పోటీలోంచి తీసేశారా? మావాడికి మళ్లీ ఫోన్. "అవును నాన్నా, లూజు ఎక్కువైందట" అన్నాడు.

అక్కడ్నుంచి ఈ ఆట నాదైపోయింది.

వాళ్లు వేసేది పైనుంచి కింది దాకా ఒకే డ్రెస్సు, ముందు జిప్పు. గుడ్డ మామూలు గుడ్డ కాదు, పొరలు పొరలుగా అతికించిన స్పాంజి లాంటిది. అందులోంచి గాలి దాటాలి. చదరపు మీటరులోంచి సెకనుకి కనీసం 40 లీటర్లు దాటాలని రూలు. గాలి దాటని గుడ్డయితే మనిషి గొడుగులా తేలిపోతాడు. ఒంటి కొలతకంటే కొన్ని సెంటీమీటర్లే లూజు ఉండొచ్చు. అందుకోసం లేజర్ స్కానింగ్‌తో ఒళ్లు కొలుస్తారు. స్కీ పొడవు కూడా మనిషి ఎత్తుని బట్టే, ఎత్తులో 145 శాతం దాటకూడదు. బక్కచిక్కి బరువు మరీ తగ్గించుకున్నవాడికి ఇంకా పొట్టి స్కీలిస్తారు, తిండి మానేసి గెలుద్దామనుకోకుండా.

మేం చొక్కాకి ఛాతీ దగ్గర నాలుగు ఇంచీలు లూజు వదులుతాం, పొట్ట ఉన్నాయన వస్తే ఇంకొంచెం, పండక్కి కుట్టించుకునేవాడికి పండగ భోజనం లెక్కేసి మరికొంచెం. ప్యాంటులో అన్నిటికంటే కష్టమైన చోటు రెండు కాళ్లు కలిసే దగ్గర, మేం సీటు అంటాం. అది ఒక ఇంచీ పైకి పోతే కూర్చోలేరు. ఒక ఇంచీ దిగితే ప్యాంటు మన మొహాన కొడతారు. ఈ ఆటలో సీటు దిగడమే కావాలి. కాళ్లు విప్పి గాలిలో పడుకున్నప్పుడు ఆ సందులో ఉన్న గుడ్డ తెరచాపలా గాలిని పడుతుంది. దొంగ లూజు పెట్టాలంటే ఏ దర్జీ అయినా అక్కడే పెడతాడు. ఈ ముక్క డిసెంబర్‌లోనే భాయ్ అన్నాడు. మార్చిలో ఏం జరిగిందో చెప్పేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇక్కడే యాప్ మీద నా పెద్ద ఫిర్యాదు. కొండ చూపిస్తారు, జనాన్ని చూపిస్తారు, డప్పులు, జెండాలు, సాసేజీలు తినేవాళ్లని చూపిస్తారు. కొలతలు తీసే గది ఒక్కసారి కూడా చూపించలేదు. విరామంలో చూపించిందే చూపించి అవే రెండు ప్రకటనలు. ఒకటి షూ ప్రకటన, నాలుగు నెలల్లో నోటికొచ్చేసింది.

సీజన్ నడిబొడ్డున నాలుగు కొండల పోటీ వస్తుంది. 1953 నుంచి జరుగుతోంది. జర్మనీలో రెండు, ఆస్ట్రియాలో రెండు కొండలు. ఓబర్స్ట్‌డోర్ఫ్, గార్మిష్ పార్టెన్‌కిర్షెన్, ఇన్స్‌బ్రుక్, బిషోఫ్‌షోఫెన్. ఈ చివరి పేరు పలకడానికి మా కుర్రాళ్లు పందేలు కాసుకున్నారు. నాలుగు చోట్లా తలా రెండు జంపులు, ఎనిమిదీ కలిపి ఎవరు ముందుంటే వాళ్లది, బహుమతి లక్ష స్విస్ ఫ్రాంకులు. మొదటి రౌండులో 50 మందిని జతలు కట్టి ఒకరి మీదికి ఒకరిని వదులుతారు. గెలిచిన 25 మంది, ఓడినవాళ్లలో మంచి ఐదుగురు రెండో రౌండుకి వెళ్తారు.

మన టైముకి ఈ పోటీలు చక్కగా కుదురుతాయి. జనవరి 1న గార్మిష్‌ది మనకు సాయంత్రం ఆరున్నర. ఇన్స్‌బ్రుక్‌దీ సాయంత్రమే. మిగతా రెండూ పని సద్దుమణిగాక రాత్రిపూట. సంక్రాంతి ఆర్డర్లు నెత్తిన ఉన్న రోజులు, రాత్రి పన్నెండుకి ముందు షట్టర్ దించేది లేదు. ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో ఆస్ట్రియా వాడు స్టెఫాన్ క్రాఫ్ట్ గెలిచాడు. గార్మిష్‌లో అదే దేశం కుర్రాడు డానియెల్ చోఫెనిగ్, 22 ఏళ్లు. ఇన్స్‌బ్రుక్‌లో మళ్లీ క్రాఫ్ట్. ఈ ఇద్దరి వెనకాలే యాన్ హోర్ల్ అని ఇంకో ఆస్ట్రియన్, ఒక్క చోటా గెలవకుండా చాప కింద నీరులా వస్తున్నాడు.

జనవరి 6, ఆఖరి రోజు. ముగ్గురి మధ్య తేడా రెండు పాయింట్లు కూడా లేదు. రెండో రౌండులో అందరూ దూకేశారు, క్రాఫ్ట్ ఒక్కడే మిగిలాడు. మన టైము రాత్రి పదిన్నర దాటింది. గాలి కుదరక అతన్ని ఆపారు. కమ్మీ మీద కూర్చోవడం, లేవడం, మళ్లీ ఆగడం. మా షాపులో మెషిన్లు నాలుగూ ఆగిపోయాయి. భాయ్ ఒక కాలి చెప్పు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఇంటికి బయల్దేరుతూ ఆగిపోయిన మనిషి. అంత టెన్షన్ నేను క్రికెట్‌కి కూడా పడలేదు.

అప్పుడు తెర మీద గుండ్రటి చక్రం తిరగడం మొదలైంది.

నెట్ బాగానే ఉంది. పక్కన కుర్రాడి ఫోన్‌లో అదే వైఫై మీద వీడియో ఆడుతోంది. చక్రం తిరుగుతూనే ఉంది. 'ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి' అని ఒక బొమ్మ, నవ్వుతున్న పెంగ్విన్. మళ్లీ లాగిన్ అవమంది. పాస్‌వర్డ్ మావాడి దగ్గరుంది. వాడు ఫోన్ ఎత్తి చెప్పి, నేను ఆ రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టి లోపలికెళ్లేసరికి చోఫెనిగ్‌ని భుజాల మీద ఎత్తుకుని ఉన్నారు. అతనికీ హోర్ల్‌కీ తేడా 1.4 పాయింట్లు. క్రాఫ్ట్ 4.1 వెనకపడి మూడోవాడయ్యాడు.

ఆ 1.4 ని భాయ్ నిద్రపోకుండా లెక్కేసుకొచ్చాడు. మీటరుకి 1.8 చొప్పున 1.4 అంటే 78 సెంటీమీటర్లు. ఎనిమిది జంపులూ కలిపితే ఒక్కొక్కడూ ఎగిరింది దగ్గర దగ్గర కిలోమీటరు. అంత దూరంలో తేడా 78 సెంటీమీటర్లు. పొద్దున్నే మెడలో ఇంచీ టేపు తీసి బల్ల మీద పరిచి, 31వ ఇంచీ దగ్గర సుద్దతో గీత పెట్టి చూపించాడు. టేపు 60 ఇంచీలుంటుంది, అందులో సగం. చోఫెనిగ్ ఆ తర్వాత సీజన్ మొత్తానికీ ప్రపంచ కప్ కూడా కొట్టాడు. ఆ గీత మా కటింగ్ బల్ల మీద ఇంకా ఉంది. నేను చెరపనివ్వలేదు.

రీప్లే చూద్దామంటే అదొక బాధ. ఏ పోటీ రీప్లే అయినా పైన గెలిచినవాడి ఫొటో వేసి పెడతారు, నోట్లో మెడల్ పెట్టుకుని. ఇంక చూడటం దేనికి? ఆడవాళ్ల పోటీలు ఇంకా లోపల దాచారు. మెనూలో మూడు మెట్లు దిగితే గానీ దొరకవు. ఇంటర్ చదివే మా అమ్మాయి వెతికి పట్టుకుంది. స్లొవేనియా అమ్మాయి నికా ప్రెవ్ట్స్ ఆ సీజన్ ఆడవాళ్ల ప్రపంచ కప్ కొట్టింది. మార్చి 14న నార్వేలోని వికర్‌సుండ్‌లో 236 మీటర్లు ఎగిరింది, ఆడవాళ్లలో అది అప్పటికి ప్రపంచ రికార్డు. 20 ఏళ్ల పిల్ల. వాళ్లింట్లో చాలామందిదీ ఇదే పని. పెద్దన్న పీటర్ 2015లో అదే కొండ మీద 250 మీటర్లు తాకిన మొదటి మనిషి. ఇంకో అన్న డోమెన్. ఒక ఇంట్లో ఇంతమంది ఒకే పనిలో ఉంటే పండగపూట ఏం మాట్లాడుకుంటారో అని మా ఆవిడ సందేహం. మా ఇంట్లో ఏం మాట్లాడుకుంటామో తనకి తెలియంది కాదు.

ఇక మార్చి. రంజాన్ నెల నడుస్తోంది. మాకు ఏడాదిలో పెద్ద పని నెల అది. పఠానీ డ్రెస్సులు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. మార్చి 8 రాత్రి ట్రోన్‌హైమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్, పెద్ద కొండ. నార్వే సొంత గడ్డ, జనం విరగబడ్డారు. డోమెన్ ప్రెవ్ట్స్ మొదటివాడు, నార్వే మారియుస్ లిండ్విక్ రెండోవాడు, అతని జట్టువాడు యోహాన్ ఆండ్రె ఫోర్‌ఫాంగ్ ఐదోవాడు. చూసి టీవీ కట్టేశాను. భాయ్ తరావీహ్ నమాజుకి వెళ్లి వచ్చి మెషిన్ ఎక్కాడు. కాసేపటికి మావాడి ఫోన్: "నాన్నా, నీ సబ్జెక్టే. ఇద్దర్నీ తీసేశారు."

ఎవరో దొంగచాటుగా ఒక వీడియో తీశారు. హోటల్ గదిలో నార్వే వాళ్ల డ్రెస్సులు మెషిన్ మీద కుడుతున్నారు, పక్కన హెడ్ కోచ్ నిలబడి ఉన్నాడు. వేరే జట్లు ఫిర్యాదు చేశాయి. తనిఖీవాళ్లు పైనుంచి చూస్తే ఏమీ తెలియలేదు. కుట్లు విప్పితే దొరికింది. సీటు దగ్గర కుట్టులో గట్టి దారం వేశారు. మిగతా గుడ్డ ఎలా ఉన్నా ఆ చోటు మడత పడకుండా నిలబడి గాలిని పడుతుంది. ఎవరూ మార్చకుండా డ్రెస్సులకి చిప్పులు కూడా పెట్టి ఉన్నారు, అయినా చేశారు. మరుసటి రోజు జట్టు మేనేజరే, మేం మోసం చేశాం అని ఒప్పుకున్నాడు. రెండో స్థానం హోర్ల్‌కి వెళ్లింది, మూడోది జపాన్ వాడు రియోయు కొబయాషికి.

భాయ్ ఈ మాట విని ఏమీ అనలేదు. లేచి పాత లైనింగు గుడ్డ తీసి జానెడు వెడల్పున రెండు ముక్కలు కత్తిరించాడు. రెండిటినీ ప్యాంటు సీటు వంపులో మడిచి, ఒకదాన్ని మామూలు దారంతో, ఇంకోదాన్ని బ్యాగులు కుట్టే నైలాన్ దారంతో కుట్టాడు. నైలాన్ దారం సూదిలో దూరక రెండుసార్లు తెగింది, 18 నంబరు సూది మార్చాడు. తర్వాత బల్ల ఫ్యాను మూడు మీద పెట్టి, రెండు చేతుల్తో రెండు ముక్కలూ దాని ముందు పట్టుకున్నాడు. మామూలు దారం ముక్క నాలుకలా ఆడి వేళ్లకి చుట్టుకుపోయింది. నైలాన్ ముక్క దోసిలిలా విచ్చుకుని అలాగే నిలబడింది, చెయ్యి వెనక్కి నెట్టింది. కుర్రాళ్లు కూడా లేచి వచ్చి పట్టుకుని చూశారు.

"చూసినావా అన్నా, గుడ్డ కొలిస్తే యాడ దొరుకుతాది? దొంగతనం దారంలో ఉంటే!"

కోచ్‌నీ, డ్రెస్సులు చూసేవాణ్ణీ సస్పెండ్ చేశారు. దూకిన ఇద్దరూ తమకి తెలియదన్నారు. ఆగస్టులో మూడేసి నెలల నిషేధానికి ఒప్పుకున్నారు. నా మట్టుకు నాకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. 28 ఏళ్లలో సీటు తేడా తెలియని కస్టమర్ ఒక్కడు కూడా నా షాపుకి రాలేదు. తొడిగి రెండడుగులు వేస్తే చాలు, చెప్పేస్తారు. మరి వందల సార్లు ఆ డ్రెస్సులో ఎగిరినవాడికి తెలియదా? భాయ్ మాత్రం వాళ్ల పక్షమే. గాలిలో ఉన్నప్పుడు ఎవడికి సీటు గుర్తుంటుంది అంటాడు.

ఆ గొడవ తర్వాత సీజన్ అయ్యేదాకా మనిషికి ఒక్కటే డ్రెస్సు అని రూలు పెట్టారు. పోటీ అయ్యాక అధికారులు తీసుకుని దాచి, మళ్లీ పోటీకి ముందు ఇస్తారు. మా షాపులో దీని మీద వచ్చిన ఒకే ఒక ప్రశ్న: మరి ఉతికేదెప్పుడు?

యాప్ ఏం చేసిందంటే, ఆ పోటీ రీప్లే మీద లిండ్విక్ ఫొటో వేసి 'సొంతగడ్డపై రజతం' అని రెండు రోజులు అలాగే ఉంచింది. మూడో రోజు ఫొటో మార్చారు. ఆ వారమంతా వ్యాఖ్యాతలు సూట్ల గురించి మాట్లాడుతూనే ఉన్నారు, ఎక్కడా దగ్గరగా చూపించింది లేదు. విప్పిన ఆ కుట్టు ఎలా ఉందో చూడాలని నాకు ఈ రోజుకీ ఉంది.

ఆఖరి పోటీ మార్చి 30, స్లొవేనియాలో ప్లానిత్సా. ఆ రోజు మాకు ఉగాది. మర్నాడు రంజాన్. అంటే రెండు పండగల బట్టలూ ఒకే రోజు ఇవ్వాలి. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి మా ఊళ్లో ముస్లింలు కూడా వెళ్లి కొబ్బరికాయ కొడతారు, అది ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. భాయ్ పొద్దున్నే వాళ్లావిడతో వెళ్లొచ్చి నేరుగా షాపుకొచ్చాడు, ఉపవాసం మీద. నేను ఇంట్లో పచ్చడి తిని, చేత్తో ఓళిగలు పట్టుకుని పరుగు. వాటిని భాయ్ కోసం సాయంత్రం దాకా పక్కన పెట్టాం. బయట ఎండ మండిపోతోంది. లోపల ఇస్త్రీ పెట్టె వేడి ఇంకోటి. కస్టమర్లు కౌంటరు మీద పడిపోతున్నారు. టీవీలో మంచు.

ప్లానిత్సా కొండ మామూలు కొండ కాదు, ఎగరడానికే కట్టింది. డోమెన్ ప్రెవ్ట్స్ వచ్చాడు. నేను ఒక పెద్దాయనకి పఠానీ భుజం దగ్గర సరిచూస్తున్నా, నోట్లో గుండుసూదులున్నాయి. కుర్రాడు కేకేశాడు. అతను ఇంకా గాలిలోనే ఉన్నాడు. చొక్కా చెయ్యి పట్టుకుని నేను, పట్టించుకుని ఆ పెద్దాయన, ఇద్దరం టీవీ వైపు తిరిగిపోయాం. ఇంకా గాలిలోనే ఉన్నాడు. కొండ అయిపోతోంది, ఇంక దిగడానికి వాలు మిగల్లేదనిపించింది. 254.5 మీటర్లు. 2017లో క్రాఫ్ట్ 253.5 ఎగిరాడు, అప్పట్నుంచీ అదే ప్రపంచ రికార్డు. ఒక్క మీటరు తేడాతో అది పోయింది. చక్రం తిరగలేదు. ఆ ఒక్కదానికీ యాప్‌కి అర నక్షత్రం వెనక్కిచ్చాను.

పండగ అయ్యాక మా కుర్రాళ్లు పెద్ద టేపు తెచ్చి షాపు మెట్టు దగ్గర్నుంచి కొలిచారు. సందు మలుపు, టీ కొట్టు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు దాటినా 254 రాలేదు, మెయిన్ రోడ్డు మీద బండ్లు హారన్లు కొడితే ఆపేశారు.

ఇప్పుడు పంచాయితీ సంగతి. ఏప్రిల్‌లో మావాడి ఖాతాలోంచి 1,499 కోసుకున్నారు. సంవత్సరం పాస్ దానంతటదే రెన్యూ అయిందట. ఏ ఆటలూ లేని వేసవిలో! కస్టమర్ కేర్ చాట్‌లో మొదట మాట్లాడేది మెషిన్. 'మీ నిరాశ మాకు అర్థమైంది' అని ఆరుసార్లు రాసింది. మనిషి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఏడు పనిదినాల్లో వెనక్కిస్తామన్నారు. ఏడు నెలలు కావస్తోంది. మా దగ్గర ప్యాంటు సీటు దిగితే అదే రోజు విప్పి కుట్టిస్తాం, డబ్బులడగం.

తీసుకోవాలనుకునేవాళ్లకి నాకు తెలిసినంత చెప్తా. నవంబర్ మూడో వారం దాకా కట్టొద్దు. కట్టిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో రెన్యూవల్ తీసేయండి, అది 'ఖాతా'లో ఉండదు, 'ఆఫర్లు' కింద ఉంటుంది. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి. రీప్లే చూసేటప్పుడు తెర పై సగం ఏదైనా గుడ్డతో కప్పి కిందికి జరపండి, మేం పఠానీ ముక్క వాడాం.

మళ్లీ కడతావా అంటే కడతాను. ఈసారి నా ఫోన్ నంబరు మీద. భాయ్ సగం ఇస్తానన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు: సూట్లు కొలిచే గది చూపించమని ముందు వాళ్లకి రాయాలట. నిన్న రాశాను. మీ నిరాశ మాకు అర్థమైంది అని జవాబొచ్చింది.